చాటెడు తవుడుకు రసీదు

చదివేవాళ్లకు ముందుగా ఒక మాట. పోయిన భాగం పత్రిక ఆఫీసుకు రెండు రోజులు ఆలస్యంగా చేరింది. తప్పు పోస్టుదీ కాదు, రైలుదీ కాదు, నాదే. యాభై దాటిన తర్వాత అక్షరాలు నేర్చుకున్న చెయ్యి ఇది. ఒక పేజీ నిండేసరికి పొయ్యి మీద పప్పు రెండుసార్లు అడుగంటుతుంది. ఒత్తులు ఒక్కోసారి పక్క అక్షరం కిందికి పోయి కూర్చుంటాయి. సంపాదకులు ఓపికగా దిద్దుతున్నారు. దిద్దగా మిగిలినవి ఉంటే క్షమించి, కథను మాత్రం వదలకండి.

కథ ఎక్కడ ఆగిందో గుర్తు చేస్తాను. అది పంతొమ్మిది వందల యాభై ఐదు. కర్నూలు రాజధాని అయి రెండేళ్లు. ఇళ్లు చాలక సర్కారు కచేరీలే గుడారాల్లో నడుస్తున్నాయి. ఆవుల కొట్టాన్ని కడిగి సున్నం కొడితే దానికీ కిరాయి వచ్చేది. నా భర్త పోయి అప్పటికి నాలుగేళ్లు. పిల్లలు లేరు. పాతపేటలో ఆయన వంతుకు వచ్చిన మిద్దె ఒకటి ఉంది. దాన్ని అమ్మి, బేతంచెర్లలో రైల్వే స్టేషను ఎదుట రెండు గదులు కొని, నా చెల్లెలు లక్ష్మీదేవమ్మా నేనూ కలిసి రాతిగనుల వాళ్లకూ లారీల వాళ్లకూ భోజనాలు పెట్టుకుని బతకాలని మా ఆశ. గదుల మనిషి దీపావళి వరకే ఆగుతానన్నాడు. ఆ తర్వాత అడిగినవాళ్లకు ఇచ్చేస్తాడు.

నా మిద్దె కొంటానన్నవాడు శనక్కాయల మండీ తిమ్మయ్య. మంచివాడే, కానీ దేనికైనా భయం. సుందరం వకీలు సరేనంటే తప్ప ఆయన చెయ్యి జేబులోకి పోదు. ఆ వకీలు నెల్లూరు నుంచి వచ్చినాయన. ఏది కావాలన్నా చీటీ రాసి పంపుతాడు. అన్నదమ్ములు పంచుకున్న పారిఖత్తు కావాలన్నాడు, ఇచ్చాను. మా ఆయన చనిపోయినట్లు సర్టిఫికెట్టు అడిగాడు, ఇచ్చాను. అది అందుకుని, పంపకాల నాటికి ఆయన మేజరు అయినట్లు రుజువేదని ఇంకో చీటీ పంపాడు. పక్కింటి గోడ పక్కింటిదేనని పక్కింటివాళ్ల చేత వేలిముద్ర వేయించమన్నాడు. మిద్దె మీది వాన నీళ్లు ఏ వైపు పడతాయో తెలిపే కాగితం కావాలన్నాడు. ఆ ఏడు మా వీధిలో వాన పడితే కదా తెలిసేది. అదీ ఎలాగో తెచ్చాను.

ఏడో చీటీ మాత్రం నా నోటి పుణ్యం. "మీ భర్తగారి పేరు తిప్పన్న అని ఉంది. ఇది నామకరణం నాటి పేరేనా?" అని అడిగాడు. అవునని ఊరుకుంటే అయిపోయేది. నేను మొత్తం చెప్పాను. ఆలూరు వైపు పల్లెలో కాపురం ఉన్న రోజుల్లో మా అత్తకు ముగ్గురు బిడ్డలు పురిట్లోనే పోయారు. నాలుగో బిడ్డ పుట్టగానే ఇంటి వెనుక చెత్తతిప్ప మీద పడుకోబెట్టారు. పక్కింటి హంపమ్మ వచ్చి ఎత్తుకుని, చాటెడు తవుడు ధర కట్టి కొనుక్కుంది. ఆ తర్వాత బిడ్డ పెరిగింది కన్నవాళ్ల ఇంట్లోనే. కానీ చావు వెతుక్కుంటూ వస్తే, ఈ బిడ్డ ఈ ఇంటిది కాదు, అమ్ముడుపోయింది అని తెలిసి వెనక్కి పోవాలి. తిప్ప మీద దొరికాడు గనుక తిప్పన్న. మా వైపు ఇది తెలియనివాళ్లు లేరు. నెల్లూరాయనకు తెలియదని నాకు తెలియదు.

మర్నాడే ఆ ఏడో చీటీ వచ్చింది. "సదరు తిప్పన్న శిశువుగా ఉండగా, ప్రతిఫలం పుచ్చుకుని హంపమ్మ అనే ఆమెకు ఇవ్వబడినట్లు అమ్మకందారే చెప్పుచున్నది. దత్తు పోయిన బిడ్డకు కన్నతండ్రి ఆస్తిలో వంతు లేదు. కావున సదరు హంపమ్మ స్వయముగా వచ్చి, తిప్పన్న తన బిడ్డ కాడని వాఙ్మూలము ఇవ్వవలెను." అలా ఇవ్వకపోతే మిద్దె మొత్తం మా మరిది గోపన్నదవుతుంది. పంపకాల్లో గోపన్నకు పొలం వచ్చింది. ఆనాటి నుంచే అన్నదమ్ములకు మాటల్లేవు. రాజధాని వచ్చి మిద్దెల ధర పెరిగిన నాటి నుంచి ఆయన మా గడప కూడా తొక్కలేదు.

పోయిన భాగంలో నేను ఆలూరు వైపు వెళ్లి హంపమ్మను బస్సెక్కించాను. ఎందుకో చెప్పలేదు. "ఒక కాగితం మీద వేలిముద్ర వేయాలత్తా" అన్నాను, అంతే. ఆమె ఎందుకని అడగలేదు. నేను చెప్పే ధైర్యం చేయలేదు. కర్నూలు బస్టాండులో దిగాక మొహం కడుక్కుని వస్తానని వెళ్లి, చాలాసేపటికి కొత్తగా కట్టిన ఆకువక్క నములుతూ వచ్చింది. ఎవరిచ్చారని నేను అడగలేదు. అక్కడ ఆపాను.

వకీలు గది బురుజు పక్క వీధిలో, సోడాల అంగడి మీద. కింద గోలీ నొక్కిన ప్రతిసారీ పైన మాట ఆగుతుంది. మెట్లకు తలుపు లేదు. హంపమ్మ ఆ మెట్లన్నీ చేతులు ఆనించుకుంటూ ఎక్కి, కుర్చీ చూపించినా వద్దని నాపరాళ్ల నేల మీద కూర్చుంది. తిమ్మయ్య ఒక మూల కుర్చీలో, గొడుగు ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. గుమాస్తా బాలస్వామి కలం సిరాలో ముంచాడు.

"మీ పేరేమమ్మా?" అన్నాడు వకీలు.

"హంపమ్మ."

"వయస్సు?"

"నువ్వే రాసుకో నాయనా. చూస్తే ఎంత కనబడితే అంత."

బాలస్వామి ఆమెను పైకీ కిందికీ చూశాడు. "ఎనభై అని రాద్దునా సార్?"

"ఎనభయ్యా? డెబ్బై రాయప్పా. ఊర్లో తెలిస్తే నవ్వుతారు."

"ఎనభై," అన్నాడు వకీలు. "ఇదిగో ఈమె భర్త మీకు తెలుసునా? అమ్మా, మీ భర్త పేరు చెప్పండి."

నేను నేల చూపులు చూశాను. మేం భర్త పేరు నోటితో అనం. ఇప్పటికీ అనను. రాయడానికి మాత్రం వెనుకాడను. రాయకూడదని మాకు ఎవరూ చెప్పలేదు, మాకు రాయడం వస్తుందని ఎవరూ అనుకోలేదు గనుక.

"తిప్పన్న," అంది హంపమ్మ నాకు బదులుగా. "తెలిసేదేందప్పా, వాడు నా కొడుకు."

తిమ్మయ్య కుర్చీ కిర్రుమంది. వకీలు మొహంలో ఒక సంతోషం కనిపించింది. తాను వెదికిన పాము నిజంగానే పుట్టలో ఉన్నందుకు కలిగే సంతోషం అది.

"కన్నకొడుకా?"

"కనలేదు. కొన్నా."

"ఎంతకు?"

"చాటెడు తవుడుకు. కొర్ర తవుడు. ఆ ఏడు కరువు. మా ఎనుముకని దాచిపెట్టిన తవుడు. మా ఇంటాయన నాలుగు దినాలు నాతో మాట్లాడలా. ఎనుమైతే ఇంకా శానా దినాలు మాట్లాడలా."

బాలస్వామి రాసుకుంటూ పోతున్నాడు. "గేదె సంగతి కొట్టెయ్యి," అన్నాడు వకీలు. తర్వాత ముందే రాసి పెట్టిన కాగితం బయటికి తీసి, చదివి వినిపించమన్నాడు.

బాలస్వామి గొంతు సవరించుకున్నాడు. "హంపమ్మ అను నేను నా మనఃపూర్వకముగా చెప్పునదేమనగా, తిప్పన్న అను అతడు నా బిడ్డ కాడు. అతనికిని నాకును ఎన్నడును ఏ సంబంధమును లేదు."

కింద సోడా ఒకటి పేలింది. హంపమ్మ నా వైపు తిరిగింది.

"ఇందుకేనా కోడలా నన్ను బస్సెక్కిచ్చింది?"

బస్సులో ఆరు గంటలు పక్కపక్కన కూర్చున్నాం. నేను తెచ్చిన రొట్టెలో మెత్తటి భాగం ఆమెకు తుంచి పెట్టాను. అది ప్రేమతో పెట్టానో, వేలిముద్ర కోసం పెట్టానో ఆ నిమిషాన నాకే తెలియలేదు.

"ఈ చీర చూసినావా?" అంది ఆమె వకీలుతో. అది ముదురు ఇటుక రంగు నేత చీర. అంచు అరిగింది. "యా ఉగాదికైనా వాడు చీర ఎత్తుకోని రాకుండా ఉండ్లా. ఇది కడపటిది. జ్వరంతో వచ్చి ఇచ్చిపాయ. నాకు కడుపు పండలేదప్పా. పిలిచేకి ఆ ఒక్కడే. ఇప్పుడు నన్ను కాదనమంటావా? వాడు పోయినాంక, అడిగేకి లేడని?"

"అది కేవలం కాగితం కోసం అమ్మా," అన్నాడు వకీలు, మొదటిసారి గొంతు తగ్గించి.

హంపమ్మ కుడిచేతి బొటనవేలు పిడికిట్లోకి ముడిచి, ఆ పిడికిలి చీర కొంగులో పెట్టుకుంది. "ఈ వేలు రాదు."

తిమ్మయ్యకు ఉండబట్టలేదు. లేచి వచ్చి వంగి నిలబడ్డాడు. "అవ్వా, ఒక్క ముద్ర. కొత్త చీర ఇప్పిస్తా. జరీది."

ఆమె తలెత్తి తీరిగ్గా చూసింది. "నువ్వు ఎవరప్పా? నిన్ను నేను కొన్లేదే."

తిమ్మయ్య పోయి గొడుగు పక్కన కూర్చున్నాడు. బాలస్వామి నవ్వు ఆపుకోలేక సిరాబుడ్డి మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు.

దీపావళికి ఇంక పదకొండు రోజులు. బేతంచెర్లలో లక్ష్మీదేవమ్మ అప్పటికే పెద్ద గుండిగలు రెండు కళాయి పెట్టించి ఉంచింది. అవి నా కళ్ల ముందు మెరిశాయి. అయినా ఆ పిడికిలి విప్పమని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆయన బతికుంటే నన్ను ఏమనేవాడో నాకు తెలుసు. ఏమీ అనేవాడు కాదు. చీర మూట చంకన పెట్టుకుని ఆలూరు బస్సెక్కేవాడు.

"వద్దులే అత్తా," అన్నాను. "ముద్ర వద్దు. పోదాం పద."

"మిద్దె?"

"పోతే పోతాది."

హంపమ్మ లేవలేదు. "అసలు మిద్దె అమ్మి ఏం చేస్తావు నువ్వు?"

చెప్పాను. భోజనాలు, స్టేషను, రెండు గదులు.

"దుడ్లు తీసుకోని అన్నం పెడతావా? రాతిగనుల వాళ్లకా? వాళ్లకు సంగటి కావల్ల. నువ్వు కెలికే సంగటి నేను తిన్యా. ఉండలు ఉండలు." కొంచెంసేపు దవడలు ఆడించింది. "సరేలే. నేర్చుకుంటావు."

అప్పుడు వకీలు వైపు జరిగి కూర్చుంది. "ఇదిగో అప్పా. వాణ్ణి నేను కాదనను. నువ్వు తలకిందులైనా అనను. కానీ వాణ్ణి నేను ఎవురికి ఇచ్చేసినానో అది చెప్తా. రాసుకుంటావా?"

వకీలు బాలస్వామి వైపు చూశాడు. కలం మళ్లీ సిరాలో మునిగింది.

"ఏమే కోడలా, నీ పెండ్లినాడు నా ఒళ్లో నువ్వు ఏం పోసినావు? మర్సిపోతివా?"

నేను నిజంగా మరిచిపోయాను. ఆమె అడిగిన తర్వాత ఒక్కొక్కటిగా గుర్తు వచ్చింది. నాకు అప్పుడు పదకొండేళ్లు. పసుపు గుడ్డ. తాళి కట్టిన తర్వాత ఎవరో నా చేతుల్లో బరువైన చాట పెట్టి, అదిగో ఆమె ఒళ్లో పొయ్యి అన్నారు. పోశాను. దుమ్ము లేచి నాకు తుమ్ము మీద తుమ్ము. ఆడవాళ్లంతా పడి పడి నవ్వారు. ఎందుకు పోశానో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ముప్పై తొమ్మిదేళ్లు అది ఆ ఇంటి ఆచారం అనుకున్నాను.

"తవుడు," అన్నాను.

"తవుడే. కొర్ర తవుడే. నేనిచ్చిన చాట కొలతే. యా చాటతో నేను కొన్యానో ఆ చాటే మీ అత్త దాచిపెట్టి నీ చేతికిచ్చె. పెండ్లి దాకా వాడు నా కొడుకని ముందే మాట. ఆ పొద్దు నా ధర నాకొచ్చె. బిడ్డను నీకిచ్చేస్తి." ఆమె వకీలు వైపు చెయ్యి ఊపింది. "యా తల్లికైనా అంతే గదప్పా. పెండ్లి దాకా మన చేతిలో, ఆనక దాని చేతిలో. ఇచ్చినంత మాత్రాన కొడుకు కాకుండా పోతాడా ఏంది?"

బాలస్వామి అదంతా రాసుకున్నాడు. అన్నాళ్లు నేను ఆయనను మా నాన్న చూసి చేసిన సంబంధం అనుకున్నాను. తుమ్ముతూ తుమ్ముతూ నేనే కొనుక్కున్నానని ఎవరికి తెలుసు.

వకీలు కళ్లజోడు తీసి తుడిచాడు. పెదవులు కదుపుతూ లెక్క కట్టుకున్నాడు. "ప్రతిఫలం వాపసు చేయబడింది. కనుక అంతకుముందు జరిగింది ఏదైనా రద్దయింది. బాగుంది. కానీ వాపసు ఇచ్చింది పెండ్లికూతురు. శిశువు, అంటే వరుడు, తిరిగి చేరింది పెండ్లికూతురికా, తండ్రి కుటుంబానికా?"

"సార్," అన్నాడు బాలస్వామి మెల్లగా, "అప్పటికి తాళి కట్టేసినారు గదా. ఆయమ్మ ఆ పొద్దే ఆ కుటుంబం మనిషాయె."

నేను చూసినంతలో వకీలు తన గుమాస్తాను మర్యాదగా చూసింది ఆ ఒక్కసారే. పారిఖత్తు మీద తారీఖు చూశాడు. పెండ్లి ఎప్పుడని నన్ను అడిగాడు. పంపకాలు పెండ్లి తర్వాతే. తల ఊపాడు. తిమ్మయ్య చెయ్యి జేబులోకి పోయింది. డబ్బు అందుకోవడానికి నేను కొంగు సర్దుకున్నాను. చెయ్యి చేతిగుడ్డతో బయటికి వచ్చింది. మొహం తుడుచుకున్నాడు.

"అయితే అంతా సక్రమం," అన్నాడు వకీలు. "రసీదు ఇచ్చేస్తే సరిపోతుంది."

"ఏం రసీదు?" అన్నాను.

"పెండ్లినాడు తవుడు ముట్టినట్లు."

హంపమ్మ నవ్వడం మొదలుపెట్టి దగ్గులో పడింది. నేను వీపు నిమిరాను. నీళ్లు తాగాక కూడా నవ్వింది. "తవుడుకు రసీదు. ఎనుము రాసిచ్చిందేమో చూడల్ల."

"రసీదు లేకుంటే సాక్షి కావాలి," అన్నాడు వకీలు ఏమాత్రం నవ్వకుండా. "తీసుకున్నామె ఒక్కరి మాట చాలదు. పోస్తుండగా చూసినవాళ్లు ఎవరు?"

ఒక్కొక్కరినే తలుచుకున్నాం. మా అత్తమామలు పోయారు. మా అమ్మా నాన్నా పోయారు. పురోహితుడు, భజంత్రీవాళ్లు, నవ్విన ఆడవాళ్లు, ఎవరూ లేరు. అప్పుడు నాకు ఇంకొకటి గుర్తు వచ్చింది. ఆ చాట నేను ఒక్కదాన్నే మోయలేకపోయాను. రెండో అంచు ఒక ఆరేళ్ల పిల్లవాడు పట్టుకుని నడిచాడు. పోసేటప్పుడు తవుడంతా వాడి కళ్లలో పడి వాడు గోల గోల.

గుర్తు వచ్చింది గానీ చెప్పకుండా పెదవి కరుచుకున్నాను. హంపమ్మ కరుచుకోలేదు.

"ఇంకెవురు, మన గోపన్న. చాట ఆ పక్క పట్టుకున్యాడు గదా. వాడు గుండ్రాయి మాదిరి ఉండాడు."

వకీలు పారిఖత్తు మళ్లీ విప్పి వేలితో వెదికాడు. "గోపన్న. రెండో వంతుదారు." తల ఎత్తాడు. "అంటే తవుడు పోయలేదంటే మిద్దె ఎవరికి పోతుందో, పోసినారని చెప్పాల్సింది ఆయనే."

"సార్, ఆయనకు చీటీ పంపొద్దు," అన్నాను. "ఈ తవుడుతో మిద్దె తనకొస్తాదని ఇప్పటిదాకా ఆయనకు తెలీదు. మీ చీటీ చూస్తేనే తెలుస్తాది."

"తెలియకుండా కొనడం మా తిమ్మయ్య గారికి క్షేమం కాదమ్మా."

తిమ్మయ్య గొడుగును గట్టిగా పట్టుకుని, క్షేమం కాదన్నట్లు తల ఊపాడు. ఎనిమిదో చీటీ వకీలు నా కళ్ల ముందే రాశాడు. ఇసుక చల్లి ఆరబెట్టి, మడిచి, బాలస్వామి చేతికిచ్చాడు. బాలస్వామి చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు. గోపన్న ఇల్లు అక్కడికి రెండు మైళ్లు. నేను బేతంచెర్ల గుండిగలను మనసులోనే బోర్లించాను.

రెండు నిమిషాల్లో బాలస్వామి తిరిగి వచ్చాడు. చేతిలో చీటీ లేదు.

"ఇచ్చేసినా సార్. ఆయన కిందనే సోడా తాగుతాండాడు. గంట నుంచి ఈడనే ఉండాడంట. మన మాటలన్నీ మెట్ల మీద నుంచి ఇనబడతాండాయి."

"ఏమన్నాడు?"

"చీటీ చదివినాడు. ఇంకో సోడా చెప్పినాడు."

నేను హంపమ్మ వైపు చూశాను. ఆమె ఆకువక్క పొట్లం విప్పి చివరి ఆకు తీసుకుంటోంది. అప్పటికి నాకు ఆ ఆకులు ఎవరు కొనిచ్చారో అర్థమైంది.

"నేనే మా ఎనకంబడి రమ్మన్యా," అంది. "బస్టాండులో కనబడె. అన్నదమ్ములు ఇద్దరూ మాట్లాడుకోకుండానే ఒకడు పాయ. ఉన్నోడన్నా వదినెతో మాట్లాడల్ల గదా. నువ్వు ఎందుకు పిలిచినావో నాకు తెలిస్తే కదా రావద్దనేది?"

మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదలైంది. తొందర లేదు ఆ నడకలో. ఒక్కో మెట్టు దగ్గర ఆగి ఆగి వస్తున్నాడు. వకీలు కళ్లజోడు పెట్టుకున్నాడు. తిమ్మయ్య లేచి, మళ్లీ కూర్చున్నాడు.

గోపన్న గుమ్మంలో నిలబడ్డాడు. నలభై ఐదేళ్ల మనిషి, చెవుల దగ్గర నెరిసింది. నిలబడిన తీరు అచ్చం మా ఆయనదే, ఒక భుజం కొంచెం కిందికి. ఒక చేతిలో చీటీ, ఇంకో చేతిలో సగం సోడా. వకీలును చూడలేదు. తిమ్మయ్యను చూడలేదు. రెండేళ్ల తర్వాత నా మొహంలోకి చూసి అడిగాడు.

"వదినా, ఆ పొద్దు నా కండ్లలో తవుడు పడె. అది తీసింది ఎవురో చెప్పు. చెప్తే, ఈయనకు ఏం చెప్పాల్నో నేను చెప్తా."

బాలస్వామి కలం నా వైపు తిరిగింది. నాకు తుమ్ములు గుర్తున్నాయి, నవ్వులు గుర్తున్నాయి. వాడి కళ్ల దగ్గరికి వచ్చిన చెయ్యి మాత్రం ఎవరిదో ఎంత వెదికినా కనబడలేదు. నేను నోరు తెరిచాను. మిగతాది వచ్చే భాగంలో.

పేరు, వయస్సు, కాపురం లేని కాగితం చెల్లదని సుందరం వకీలు ఎనిమిది చీటీలతో నాకు నేర్పాడు. అందుకని ఇదీ రాస్తున్నాను.

నాగలక్ష్మమ్మ, వయస్సు అరవై మూడు సంవత్సరాలు, ప్రస్తుతం కాపురం బేతంచెర్ల, రైల్వే స్టేషను ఎదుట, మరిది గోపన్న ఇంటి మీది గది.